లామినేషన్ చేయించిన పట్టా

రెండు వేల పద్దెనిమిదవ సంవత్సరం, జూన్ పదకొండవ తేదీ, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. సికింద్రాబాదులో సర్టిఫికెట్లను ధ్రువీకరణకు తీసుకునే ఒక కార్యాలయంలో, అద్దం వెనుక కూర్చున్న ఉద్యోగిని నా డిగ్రీ పట్టాను తిరగేసి, దాని మీద గోటితో రెండుసార్లు కొట్టింది. ప్లాస్టిక్ టకటకమన్నది.

"దీని వెనుక స్టాంపు ఎక్కడ వెయ్యాలమ్మా?" అని అడిగింది.

వెంటనే ఆమె పట్టాను అద్దం కింది సందులోంచి నా వైపు నెట్టి, తరువాతి వారిని పిలిచింది. గోడ గడియారం ఆమె తల వెనుకే ఉండేది. ఆ సమయం నాకు అందువల్ల జ్ఞాపకం ఉంది.

గల్ఫు దేశాలలో ఉద్యోగానికి పోయేవారి పట్టా వెనుక వరుసగా ముద్రలు పడాలి. రాష్ట్రప్రభుత్వానిది, కేంద్రప్రభుత్వానిది, చివరగా ఆ దేశపు రాయబార కార్యాలయానిది. లామినేషన్ చేసిన కాగితం మీద సిరా నిలవదు కనుక దానిని ఎవరూ తీసుకోరు. ఈ చిన్న నియమం గల్ఫుతో రాకపోకలున్న ప్రతి ఇంట్లోనూ తెలుసు. మా ఇంట్లో తెలియదు. మా ఇంట్లో అంతకుముందు పట్టా అనే వస్తువే లేదు.

బొల్లారంలో, కంటోన్మెంటు గోడ పక్కన, మా ఇంటి ముందరే మా నాన్నది ఇస్త్రీ బండి. అమ్మ ఒక పాఠశాలలో ఆయా. నాన్న వైపునా అమ్మ వైపునా కలిపి చూసినా డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే. బి.కాం. పట్టా చేతికి వచ్చిన రోజున నాన్న దానిని బండి మీద, మడత విప్పిన తెల్లని గుడ్డపై పరిచి, బట్టలు తీసుకోవడానికి వచ్చిన వారందరికీ చూపించాడు. తెలుగు కూడబలుక్కొని చదవగలడు కానీ ఇంగ్లీషు రాదు. అందువల్ల అందులో ఏముందో ఆయనకు తెలియదు. బంగారు రంగు ముద్రను మాత్రం వేలితో చూపించేవాడు.

మా చర్చిలో కొందరిని ఊళ్ళ పేర్లతో పిలుస్తారు. ఆ ఊళ్ళు ఇక్కడివి కావు. కువైట్ అక్క, దోహా తాత, మస్కట్ అంకుల్. వీరందరూ బొల్లారంలోనో కాప్రాలోనో పుట్టినవారే. ఏడాదిలో పదకొండు నెలలు అక్కడ, ఒక నెల ఇక్కడ. ఇక్కడి పెళ్ళిళ్ళకూ బాప్తిస్మాలకూ తేదీలు వారి సెలవును బట్టే ఖాయమయ్యేవి. అక్కడ ఆరాధన శుక్రవారం జరుగుతుంది. సెలవు మీద వచ్చిన మొదటి వారంలో వారు శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కొని, గడప దాకా వచ్చి, అప్పుడు గుర్తు వచ్చి నవ్వుకునేవారు. ఆదివారం ఆరాధన తరువాత చర్చి ఆవరణలో టీ తాగుతూ ఖర్జూరాలు, పాలపొడి డబ్బాలు పంచేవారు. తిరిగి పోయేటప్పుడు వారి పెట్టెలలో సొంత సామాను కన్నా ఇతరుల పచ్చళ్ళు, మందులు, కుట్టించిన జాకెట్లు ఎక్కువగా ఉండేవి. ఎవరు ఎప్పుడు పోతున్నారన్నది చర్చిలో అందరికీ తెలిసి ఉండేది. ఆ వలయంలో మేము అంచున ఉండేవాళ్ళం. వారి ప్రయాణపు బట్టలు ఇస్త్రీ చేయడం వరకే మా పాత్ర.

మస్కట్ అంకుల్ ఆ వలయానికి నడిమధ్య మనిషి. మస్కట్‌లో ఒక కంపెనీలో గుమాస్తా. కొత్తగా చేరేవారి సర్టిఫికెట్లు తీసుకొని, ముద్రలన్నీ ఉన్నాయో లేవో సరిచూసి, ఫైలులో పెట్టడం ఆయన పని. ఈ విషయం చదివేవారు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. ఆయన నోట ఎప్పుడూ ఒక మాట ఆడుతుండేది. ఖల్లీవల్లీ. పోనీ, వదిలెయ్ అని దాని అర్థం. గల్ఫుకు పోయివచ్చిన వారందరూ ఆ మాట అంటారు కానీ, ఆయన అంటే ఎదుటివారి కష్టం నిజంగానే చిన్నదైపోయినట్లు అనిపించేది.

ఆ ఏడాది మే నెలలో ఆయన సెలవు మీద వచ్చాడు. చొక్కాలు ఇస్త్రీకి ఇవ్వడానికి బండి దగ్గరకు వచ్చి, తమ ఆఫీసులో అకౌంట్స్ విభాగంలో ఒక పోస్టు ఖాళీ అయిందనీ, బీకామ్ చదివినవారు కావాలనీ, పేరు తానే పంపుతాననీ నాన్నతో చెప్పాడు. పోబోతూ వెనక్కి తిరిగి మరొక మాట అన్నాడు. నేను అక్కడ లేను. కానీ నాన్న దానిని తరువాత ఎన్నిసార్లు అప్పగించాడంటే, నా చెవులతో విన్నట్లే ఉంటుంది.

"సర్టిఫికెట్ జెర లామినేషన్ చేపియ్యన్నా. శాన చేతులు మారుతది, ఖరాబైతది."

నాన్న ఆ సాయంత్రమే బండి కట్టేసి, పట్టాను తువ్వాలులో చుట్టుకొని, బస్సెక్కి క్లాక్ టవర్ దగ్గరి జిరాక్స్ షాపుకు పోయాడు. తిరిగి వచ్చి దానిని నా చేతిలో పెట్టి, "ఇగ వాన పడ్డా ఏం కాదు బిడ్డా" అన్నాడు. నాకూ బాగుందనిపించింది. ఆ మాట దాచను. చదువుకున్నదాన్ని నేను, ఎక్కడైనా విచారించవలసింది కూడా నేనే.

కౌంటరు నుంచి తిరిగి వచ్చిన రోజున మస్కట్‌కు ఫోను చేశాను. అప్పటికి ఆయన సెలవు ముగిసి వెళ్ళిపోయాడు. విషయం విని, "అరె, లామినేషన్ చేపిచ్చిన్రా? అయ్యో" అన్నాడు. ఆ తరువాత, "ఖల్లీవల్లీ, ఇంకొకటి వస్తది తియ్యి" అన్నాడు. తాను చెప్పిన సంగతి మరిచిపోయాడనుకున్నాను. పెద్దమనిషికి గుర్తుచేయడం మర్యాద కాదని ఊరుకున్నాను.

మూడవ రోజు ఉదయం నేను విశ్వవిద్యాలయానికి పోయి, కొత్త పట్టా ఎలా పొందాలో కనుక్కొని వచ్చేసరికి నాన్న ఇంటి ముందర బండి మీద ఒంగి ఉన్నాడు. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు సగం చల్లారనిచ్చి, పట్టా మీద తడిపి పిండిన నూలుగుడ్డ పరిచి, పెట్టెను ఆనీ ఆనకుండా నడుపుతున్నాడు. బట్ట ఏదైనా ఎంత వేడి ఓర్చుకుంటుందో మా నాన్నకు తెలిసినట్లు ఎవరికీ తెలియదు. తడివేలితో పెట్టె అడుగును తాకి, ఆ సుయ్యిమనే చప్పుడును బట్టి పట్టుచీరకు ఇంత, సైనికుల యూనిఫారానికి ఇంత అని చెప్పేవాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క బట్ట కాల్చలేదు. ప్లాస్టిక్ కూడా ఒక బట్టే కదా అనుకున్నాడు.

నేను చేరుకునేసరికి ఒక మూల ప్లాస్టిక్ లేచింది. నాన్న నన్ను చూసి నవ్వి, ఆ మూల పట్టుకొని మెల్లగా లాగాడు. బంగారు ముద్ర ప్లాస్టిక్‌తో పాటు లేచి వచ్చింది. సంతకం వచ్చింది. నా పేరులో సగం వచ్చింది. సగం కాగితం మీద మిగిలింది.

నాన్న పెట్టెను దాని దిమ్మ మీద ఉంచాడు. చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నీ సదువు నేనే కాలవెట్టిన బిడ్డా" అన్నాడు.

ఆ రోజు నుంచి మా నాన్న కాగితాన్ని ముట్టలేదు. కరెంటు బిల్లు ఇవ్వడానికి మనిషి వస్తే, అక్కడ పెట్టిపొమ్మని గట్టు చూపించేవాడు. చర్చిలో పాటల పుస్తకం అందిస్తే అమ్మకు ఇమ్మనేవాడు. ఇస్త్రీకి వచ్చిన చొక్కా జేబులో మరిచిన చీటీ ఏదైనా తగిలితే, ఆ చొక్కాను పక్కన పెట్టి, అమ్మ వచ్చేదాకా ఆగేవాడు. తన చేతులే నా దారి మూసేశాయని ఆయన నమ్మకం. నేను ఎంత చెప్పినా తల ఊపేవాడు, నమ్మేవాడు కాదు.

నకలు పట్టా ఐదు నెలలకు వచ్చింది. మస్కట్ పోస్టు ఆగస్టులోనే నిండింది. దానిలో చేరినవాడు మస్కట్ అంకుల్ బామ్మర్ది. మేము అభినందనలు చెప్పాము. ఆ అబ్బాయి ప్రయాణానికి వేసుకున్న ప్యాంటు, చొక్కా ఇస్త్రీ చేసింది మా నాన్నే.

మరుసటి ఏడాది ఒక ఆదివారం, టీ తాగుతుండగా, మస్కట్ అంకుల్ భార్య, మేము మస్కట్ ఆంటీ అని పిలిచే ఆవిడ, ఖర్జూరాల డబ్బా తెరిచి పంచుతూ తన తమ్ముడి ముచ్చట చెప్పింది. ఆమె మనసులో ఏమీ దాచుకునే మనిషి కాదు. తమ్ముడు ఎంత అమాయకుడో చెప్పి నవ్వించడమే ఆమె ఉద్దేశం.

"మా తమ్ముడు సుత సర్టిఫికెట్ లామినేషన్ చేపిస్త అని షురూ జేసిండమ్మా. మా ఆయన ఒక్కటే తిట్టుడు. గోరు సుత తగలనియ్యకు, పనికి రాకుంట పోతది అని కూసోబెట్టి చెప్పిండు."

ఎప్పుడు ఆంటీ, అని అడిగాను. నా గొంతు మామూలుగానే ఉందని అనుకుంటాను.

"గదే, పోయిన మే నెల. మీ నాయిన కాడ చొక్కాలు ఇచ్చొచ్చిన దినమే."

ఇంతవరకు మస్కట్ అంకుల్‌ను నేను 'ఆయన' అని రాశాను. ఇక్కడి నుంచి 'అతను' అని రాస్తాను.

ఒకే రోజున, ఒకే నోటితో, ఒక ఇంట్లో వద్దని చెప్పి, మరొక ఇంటికి చేయించమని చెప్పినవాడు అతను. నా పేరును పంపుతానన్నది కూడా, బామ్మర్దికి పోటీ వచ్చేవారిని ముందే తన గుప్పిట్లో ఉంచుకోవడానికేనని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ భాగానికి నా దగ్గర రుజువు లేదు. మొదటిదానికి ఉంది.

నాన్నకు వెంటనే చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. నేను చెబితే, తనను ఓదార్చడానికి కూతురు కట్టిన కథ అనుకుంటాడు. 'సార్ అట్ల చెయ్యడు' అంటాడు. కస్టమరు కనుక నాన్న అతన్ని ఎప్పుడూ సార్ అనే పిలిచేవాడు. ఆ నిజం అతని నోటి నుంచే, నాన్న చెవిలోనే పడాలి. నాకు కావలసింది అదొక్కటే. దాని కోసం ఐదేళ్ళు ఎదురుచూశాను.

ఆ ఐదేళ్ళలో నేను మంచి మనిషిని కాను. ఆదివారం అందరూ కలిసి పలికే ప్రార్థనలో, మా పట్ల తప్పు చేసినవారిని క్షమించామని చెప్పే వాక్యం వచ్చినప్పుడు నోరు మూసుకునేదాన్ని. అతని కంపెనీకి ఉత్తరం ఎన్నో విధాలుగా మనసులో రాసుకున్నాను. ప్రతి విధమూ మర్యాదగానే మొదలయ్యేది. సెలవు మీద వచ్చినప్పుడు ఒకసారి అతను నాకు అత్తరు సీసా బహుమతిగా ఇచ్చాడు. థాంక్యూ అంకుల్ అని తీసుకొని, ఆఫీసులో స్టాంపు సిరా మరకలు తుడవడానికి దానిని చివరి చుక్క వరకు వాడాను.

ఆ ఆఫీసు సంగతి చెప్పాలి. రాంగోపాల్‌పేట్‌లో, విదేశాలకు పోయేవారి సర్టిఫికెట్లకు ముద్రలు వేయించి ఇచ్చే ఒక చిన్న సంస్థ. బీకామ్‌కు తగిన వేరే ఉద్యోగాలు దొరకకపోలేదు. అయినా ఇందులోనే చేరాను. కాగితాల విషయంలో ఇక నన్ను ఎవరూ మోసం చేయకూడదని చేరానని అమ్మతో చెప్పాను. అది సగం నిజం. గల్ఫుకు పోయే మనిషి ఎంత పెద్దవాడైనా, ఏదో ఒక రోజు ఇలాంటి కౌంటరు ముందుకు రాక తప్పదని నాకు తెలుసు. ఏ ముద్ర ఎక్కడ పడాలి, ఏ సంతకం చెల్లదు, పాస్‌పోర్టులోని పేరుకూ పట్టాలోని పేరుకూ ఒక అక్షరం తేడా వస్తే ఏం చేయాలి, అన్నీ నేర్చుకున్నాను. లామినేషన్ చేయించుకొని వచ్చేవారు నెలకు ఒకరిద్దరైనా ఉండేవారు. తెచ్చేది సాధారణంగా తండ్రి. వారితో మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని. ఇస్త్రీ పెట్టె దగ్గరకు పోవద్దని ముందే చెప్పేదాన్ని. ఎందుకంటున్నానో తెలియక వారు విచిత్రంగా చూసేవారు.

రెండు వేల ఇరవై నాలుగు ఆగస్టులో, ఒక గురువారం మధ్యాహ్నం, అతను వచ్చాడు. కూతురు బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసింది, మస్కట్‌లోనే ఒక ఆసుపత్రిలో ఉద్యోగం కుదిరింది, కాగితాలు రెండు వారాలలో పంపాలి. అంతా నవ్వుతూ చెప్పి, ఫైలు తెరిచి, పట్టాను అద్దం కింది నుంచి తోశాడు.

"నువ్వున్నవని ధైర్యం బిడ్డా. చూడు, లామినేషన్ గిట్ల ఏం చేపియ్యలే" అన్నాడు.

అతను పరిహాసమే ఆడాడో, అలవాటుగా అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. పట్టాను తిరగేశాను. వెనుక వైపు తెల్లగా, శుభ్రంగా ఉంది. మూడు ముద్రలకూ చోటుంది.

"మా నాన్నకు ఎందుకు చేపియ్యమన్నవు అంకుల్?" అని అడిగాను.

అతను నవ్వు ఆపలేదు. ఏవేవో అన్నాడు: ఎప్పటి ముచ్చట, ఎవరన్నారు, అప్పుడు రూల్సు వేరే ఉండె. ఆంటీ చెప్పిన మాట, రోజుతో సహా చెప్పాను. అప్పుడు నవ్వు ఆగింది. వెనుక వరుసలో ఉన్నవారి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"గదంత ఇప్పుడెందుకమ్మా. ఖల్లీవల్లీ."

నేను ఫైలు మూసి, అద్దం కింది నుంచి అతని వైపు నెట్టాను. ఆరేళ్ళ క్రితం నాకు ఎలా తిరిగి వచ్చిందో సరిగ్గా అలాగే. ఆదివారం ఆరాధన తరువాత మా ఇంటికి వచ్చి, నాకు ఇప్పుడు చెప్పని మాట మా నాన్నకు చెప్పమన్నాను. సోమవారం ఫైలు తీసుకుంటానని చెప్పి, తరువాతి వారిని పిలిచాను.

నియమం ప్రకారం ఆ ఫైలును నేను తీసుకోవలసింది. అతను మరొక సంస్థకు పోవచ్చు. కానీ చర్చిలో నేను నోరు తెరుస్తానన్న భయం అతన్ని పోనివ్వదని లెక్క వేసుకున్నాను. ఆ అమ్మాయి ఏ పాపమూ ఎరుగదు. సండే స్కూలులో పిల్లలకు పాటలు నేర్పుతుంది, నన్ను అక్కా అని పిలుస్తుంది. అది తలచుకొని కూడా నేను ఆగలేదు.

ఆదివారం పన్నెండు గంటలకు అతను ఒంటరిగా వచ్చాడు. నాన్న బండి దగ్గర ఇస్త్రీ చేస్తున్నాడు. సార్ వచ్చారని కుర్చీ తెమ్మన్నాడు. తెచ్చాను. అతను కూర్చొని ఎండల గురించి, విమానాల రద్దీ గురించి మాట్లాడాడు. నాన్న వింటూ పెట్టె నడుపుతున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, కదలలేదు. అతను నా వైపు రెండుసార్లు చూశాడు. మూడోసారి చూసి, తల దించుకొని, చెప్పాడు.

"అన్నా, అప్పుడు బిడ్డ సర్టిఫికెట్ లామినేషన్ చేపియ్యమన్న కదా. చేపిస్తే పనికి రాదని నాకు ఎర్కే. ఎర్కుండే చెప్పిన. మా బామ్మర్ది కోసం."

నాన్న పెట్టె ఆపలేదు. చొక్కా ఒక చెయ్యి పూర్తిగా చేసి, కాలరు వరకు వచ్చాడు. అది అతని చొక్కాయే. అప్పుడు పెట్టెను దిమ్మ మీద పెట్టి నన్ను పిలిచాడు.

"గా కాగితం తే బిడ్డా."

అమ్మ దానిని ట్రంకు పెట్టెలో, చీరల మడతల్లో దాచింది. కాగితమూ, విడిగా ఊడివచ్చిన ప్లాస్టిక్ ముక్కా రెండూ తెచ్చాను. నాన్న కంటితోనే అతని వైపు చూపించాడు. అతని ఒడిలో పెట్టాను.

"చదువు" అన్నాడు నాన్న.

"ఏందన్నా?"

"అంత ఇంగ్లీషుల ఉన్నది. నాకు రాదు. నువ్వు దినాం గివే చూస్తవు గద. చదువు."

మా నాన్న అతన్ని 'నువ్వు' అనడం నేను వినడం అదే మొదలు. అతను చదివాడు. ఒక్కొక్క వరుస ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాడు. ఈ విశ్వవిద్యాలయం తెలియజేయునది ఏమనగా, అన్నాడు. వాణిజ్యశాస్త్రంలో, ప్రథమ శ్రేణిలో, అన్నాడు. నా పేరు దగ్గర ఆగాడు.

"ఆగినవేంది?"

"పేరు... సగమే ఉన్నదన్నా."

"తక్కింది గా ప్లాస్టిక్ మీద ఉన్నది. రెండు జోడిచ్చి చదువు."

అతను ప్లాస్టిక్ ముక్కను కాగితం మీద పెట్టి, జరిపి, మళ్ళీ జరిపి, అక్షరాలు కలిసేలా పట్టుకున్నాడు. రెండుసార్లు తప్పాయి. మూడోసారి కలిశాయి. నా పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, పైకి చదివాడు. వీధిలో ఇద్దరు ఆగి చూశారు. నాకు సంతోషం కలిగింది. జాలి కలగలేదు. కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది.

మాఫ్ చెయ్యన్నా, అని అతను గొణిగాడు. నాన్న ఒక చెయ్యి మాత్రమే ఇస్త్రీ అయిన చొక్కాను, ముడతల్లోనే ఉన్న మిగిలిన నాలుగు చొక్కాలను కలిపి మూట కట్టి కుర్చీ పక్కన పెట్టాడు. తరువాత ఒంగి, అతని ఒడిలోని కాగితాన్నీ ప్లాస్టిక్ ముక్కనూ తన రెండు చేతులతో తీసుకొని, ఇంట్లోకి పోయాడు. అమ్మను పిలవలేదు, నన్నూ పిలవలేదు.

సోమవారం ఉదయం అతని కూతురి ఫైలును తీసుకున్నాను. ముద్రలు మూడూ గడువులోపలే పడ్డాయి. ఆ అమ్మాయి మస్కట్‌లో చేరింది. అక్కడి శుక్రవారపు ఆరాధన ఫోటోలు చర్చి గ్రూపులో పెడుతుంటుంది. అతను ఇప్పుడు చొక్కాలు వేరే చోట ఇస్త్రీకి ఇస్తున్నాడు. ప్రార్థనలో ఆ వాక్యాన్ని నేను ఇంకా పలకడం లేదు.

కరెంటు బిల్లు మా నాన్న తన చేత్తో తీసుకుంటున్నాడు.